ఆరు మీటర్ల గౌను

ఏటూరునాగారం ఇంకా వరంగల్ జిల్లాలో ఉన్న రోజుల మాట. తునికాకు కోతలు మొదలయ్యాయి. ఊరి చుట్టూ కల్లాల్లో ఆకు కట్టలు వరసలు తీరి ఎండుతున్నాయి. పొద్దుగూకినా గోదావరి వైపు నుంచి చల్లగాలి లేదు. అలాంటి ఒక సాయంత్రం చర్చి అయ్యగారూ ఇద్దరు సంఘ పెద్దలూ మా ఇంటికి వచ్చారు.

"సార్, మన పిలగాడు డాక్టరైండు" అన్నారు, కూర్చోక ముందే.

ఏ పిలగాడో నాకు వెంటనే తెలిసింది. మాదిగవాడ నుంచి హైస్కూలుకు వచ్చి, నా దగ్గర ఐదేళ్ళు తెలుగు చదువుకున్నవాడు. పద్యానికి గణాలు విడదీయమంటే మిగతా తరగతి పలక మీద గీతలు గీస్తుండగానే వేళ్ళ మీద లెక్కవేసి చెప్పేవాడు. పేరు రాయను. ఆయన అందుకు ఒప్పుకునే మనిషి కాదు.

డాక్టరంటే వైద్యం డాక్టరు కాదు. దైవశాస్త్రంలో డాక్టరు. సెరాంపూర్ సెనేట్ ఇచ్చే డాక్టర్ ఆఫ్ థియాలజీ. పేరు ముందు ఈ ముక్క కోసం ఎవరికో డబ్బు కట్టి, ఫంక్షన్ హాల్లో టోపీ పెట్టుకుని ఫొటో దిగి వచ్చేవాళ్ళను మనం చూస్తూనే ఉన్నాం. ఇది అలాంటిది కాదు. బి.డి. చదవాలి, దాని మీద ఎం.టిహెచ్. చదవాలి, గ్రీకో హీబ్రూవో పట్టుబడాలి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి పరిశోధన చేయాలి. అతని పరిశోధన అపొస్తలుల కార్యాల్లోని ఒక చిన్న ఘట్టం మీద. యొప్పే పట్టణంలో పేతురు ఎవరింట్లో బస చేశాడు? చర్మకారుడైన సీమోను ఇంట్లో, సముద్రపు ఒడ్డున. చచ్చిన పశువుల తోలు ముట్టే ఆ వృత్తిని ఆనాటి యూదులు మైలగా చూసేవాళ్ళు. అలాంటి ఇంట్లో పేతురు అన్నం తిన్నాడు, పడుకున్నాడు, ఆ ఇంటి మిద్దె మీదే దర్శనం చూశాడు. మనమంతా దర్శనం గురించి మాట్లాడతాం. అతను ఆ ఇంటి గురించి రాశాడు.

సన్మాన సభ పెడుతున్నారు, నేను అధ్యక్షత వహించాలి. అందుకే వచ్చారు. ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఊరుకున్నానా, ఒక షరతు పెట్టాను: మన డాక్టరు ఆ రోజు గౌను వేసుకుని వేదిక మీద కూర్చోవాలి.

మరునాడు అతను వచ్చినప్పుడు ఆ మాటే చెప్పాను.

"గది కిరాయిది సార్. ఫొటో దిగినంక అక్కడ్నే ఇచ్చేసిన" అన్నాడు.

"అయితే కుట్టిద్దాం."

"ఎందుకు సార్? ఎండలు ఎట్లున్నయో సూస్తలేరా?"

నేను వినలేదు. నాకు గౌను కావలసిందే. అది తెల్లవాళ్ళ వేషమని, మన ఎండల్లో దాని అవసరం లేదని చాలామంది అంటారు. 2010 ఏప్రిల్‌లో భోపాల్‌లోని అటవీ యాజమాన్య సంస్థ స్నాతకోత్సవంలో, అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ వేదిక మీదే గౌను విప్పేసి, ఇది వలస పాలన విడిచిపోయిన అనాగరికపు అవశేషమన్నారు. తాతలనాటి నుంచీ ఒంటి నిండా బట్ట, కాలికి చెప్పు ఉన్నవాళ్ళకు విప్పేయడం సులభం. మా ప్రాంతంలో దొరల గడీ ముందు నుంచి నడవాల్సి వస్తే, ఊరందరికీ చెప్పులు కుట్టిచ్చిన మనిషి తన చెప్పులు మాత్రం విప్పి చంకలో పెట్టుకునేవాడు. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, మా నాయనమ్మ నోట విన్నది. ఆ మనిషి మనవడు చీలమండల దాకా గౌను వేసుకుంటే, దాన్ని విప్పమనే హక్కు ఎవరికుంది? 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం అంబేడ్కర్‌కు డి.లిట్. ఇచ్చింది. గౌను వేసుకున్న అంబేడ్కర్ బొమ్మ ఈ జిల్లాలో ఎన్ని మట్టి గోడల మీద ఉందో లెక్కపెట్టలేం. ఆ గోడల మధ్య పెరిగిన పిల్లలకు అది వలస అవశేషం కాదు.

బజారులో మాకు తెలిసిన టైలరు దగ్గరికి వెళ్ళాం. ఫోనులో ఉన్న ఫొటో చూపించాను. ఆయన ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి, చాలాసేపు చూసి, "లాయరు కోటు లెక్కనే ఉంది గాని, కాదు" అన్నాడు. నిజమే, కాదు. వెనక మెడ కింద పట్టీ దగ్గర బట్టంతా సన్నటి కుచ్చిళ్ళుగా పోయాలి. అక్కడి నుంచి అది మడమల దాకా బరువుగా జారాలి. చేతులు మామూలు చేతులు కావు, మణికట్టు దగ్గర గంట మూతిలా విచ్చుకోవాలి. ముందు గుండీలుండవు, రెండు వైపులా నిలువునా పట్టీలు దిగుతాయి. ఒక్క గౌనుకే ఆరు మీటర్లు పడుతుందన్నాడు. లోపల బకరం వేయకపోతే పట్టీ నిలబడదన్నాడు. వెల్వెట్ ఏటూరునాగారంలో దొరకదు, హన్మకొండ నుంచి తెప్పించాలి.

హుడ్ దగ్గర టైలరు ఆగిపోయాడు. "ఇది ఎందుకు సార్? నెత్తి మీద కప్పుకోరు. ఈపు మీద ఊరికే యాలాడుతది."

చెప్పాను. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, పారిస్ లాంటి చోట్ల చదువు చెప్పినవాళ్ళూ చదివినవాళ్ళూ చర్చి మనుషులే. రాతి గోడల గదుల్లో నిప్పు సెగ కూడా సరిగా ఉండేది కాదు. చలికి ఒళ్ళంతా కప్పే అంగీ, తల మీదికి లాక్కునే ముసుగు వాళ్ళ మామూలు బట్టలు. కాలం మారి మిగతావాళ్ళు ఆ బట్టలు మానేశారు. విశ్వవిద్యాలయాలు మానలేదు. తలను కప్పిన ముసుగు వీపు మీదికి జారి, లోపల రంగు పట్టు వేయించుకుని, ఎవరిది ఏ చదువో చెప్పే గుర్తు అయింది. అమెరికా విశ్వవిద్యాలయాలు 1895లో కూర్చుని దీనికి లెక్కలు రాసుకున్నాయి. డాక్టరు గౌను చేతికి మూడు వెల్వెట్ పట్టీలుండాలి, దైవశాస్త్రానికి రంగు ఎరుపు. బ్రిటిషువాళ్ళ లెక్కలు వేరు. సెరాంపూర్‌ది దాని పద్ధతి దానిది. టైలరు అన్నీ విని, చాక్‌పీసు చెవి మీద పెట్టుకుని, "అంటే చలికి కుట్టిన బట్టను మనం ఎండలకు కుడుతున్నం" అన్నాడు. అని, కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు.

భుజం, ఛాతీ, చేయి పొడవు, మెడ నుంచి మడమ. డాక్టరు చేతులు చాచి, చిన్నపిల్లవాడిలా కదలకుండా నిలబడ్డాడు. టేపు తీస్తుండగానే నాతో మెల్లగా అన్నాడు: "సార్, ఒక్క మాట. సభల మా నాయినకు గూడ పైన ఒక కుర్చీ ఏపిస్తే బాగుంటది."

"చూద్దాం" అన్నాను.

వాళ్ళ నాయిన గురించి చెప్పాలి. బస్టాండు మూలన గోడ నీడలో ఒక చెక్క పెట్టె, ఒక ఇనుప దిమ్మె, ఒక గోనెపట్టా. అదే ఆయన కొట్టు. ఊళ్ళో సగం మంది కాళ్ళు ఆయనకు తెలుసు. ఎవరిది మడమ అరిగే నడకో, ఎవరిది బొటనవేలు నొక్కే నడకో చెప్పు చూసి చెప్పగలడు. ఆయన తండ్రి లందలో తోలు ఊనినవాడు. ప్లాస్టిక్ చెప్పులు వచ్చాక కొత్తవి కుట్టించుకునేవాళ్ళు పోయి, పాతవి బాగుచేయడం ఒక్కటే మిగిలింది. ఐటీడీఏకు పనుల మీద వచ్చే కోయవాళ్ళు, మేడారం జాతర జనం, గోదావరి అవతల నుంచి వచ్చిపోయేవాళ్ళు తెగిన పట్టీతో ఆయన ముందు ఒంటికాలి మీద నిలబడతారు. ఐదు రూపాయలో పదో ఇస్తారు. ఆ పదుల మీదే బి.డి. నడిచింది, ఎం.టిహెచ్. నడిచింది.

సభ ఆదివారం సాయంత్రం పెట్టారు. చర్చి ఆవరణలో టెంటు, రెండు కూలర్లు, ఫ్లెక్సీ. వేదిక మీద ఎనిమిది కుర్చీలు. అందరిలాగే నేనూ చెప్పులు గేటు దగ్గర విడిచి లోపలికి వెళ్ళాను. డాక్టరు గౌనులో వచ్చినప్పుడు మాదిగవాడ ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకావిడ దగ్గరికి వెళ్ళి, గంట మూతిలా విచ్చుకున్న ఆ చేతి అంచును రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, కళ్ళకద్దుకుంది. టైలరు వెనక వరసలో నిలబడి, కుచ్చిళ్ళు సరిగ్గా పడ్డాయా లేదా అని మెడ నిక్కించి చూస్తున్నాడు. సరిగ్గా పడ్డాయి. అంత చక్కటి పనిని నేను హైదరాబాదులో కూడా చూడలేదు.

నా ఉపన్యాసానికి వారం రోజులు తయారయ్యాను. ముందు దోర్నకల్ గురించి చెప్పాను. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అజరయ్య 1912లో బిషప్ అయింది మన దోర్నకల్‌కే. ఆయన మద్రాసులో బి.ఏ. చివరి పరీక్ష ముందు జబ్బుపడి, డిగ్రీ లేకుండానే బయటికొచ్చిన మనిషి. ఆయనను 1920లో కేంబ్రిడ్జి పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

తర్వాత అసలు విషయానికి వచ్చాను. మన డాక్టరుకు పట్టా ఇచ్చిన సెరాంపూర్‌ను నిలబెట్టింది ఎవరు? విలియం కేరీ. 1761లో ఇంగ్లండులో ఒక పల్లెటూళ్ళో పుట్టాడు. పద్నాలుగో ఏట చెప్పులు కుట్టే పనిలో చేరాడు. కాలేజీ గడప తొక్కలేదు. తోలు ముక్కల మధ్య పుస్తకం తెరిచి పెట్టుకుని లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. కాగితాలు అతికించి ప్రపంచ పటం గీసి, పనిచేసే గోడకు వేలాడదీసుకున్నాడు. 1793లో బెంగాల్‌కు వచ్చాడు. 1812 మార్చిలో సెరాంపూర్ అచ్చుకూటం తగలబడి, ఏళ్ళ తరబడి రాసిన ప్రతులెన్నో బూడిదయ్యాయి. మళ్ళీ కూర్చుని రాశాడు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది. తెలుగు నేల మీద ఎన్నడూ కాపురం లేని ఒక చెప్పులు కుట్టేవాడు మన విభక్తులు రాశాడని చెప్పినప్పుడు, తెలుగు పంతులుగా నా గొంతు నిజంగానే పూడుకుపోయింది. 1818లో ఆయన, ఆయన సహచరులు మార్ష్‌మన్, వార్డ్ కలిసి కళాశాల పెట్టారు. 1827లో డెన్మార్కు రాజు దానికి డిగ్రీలిచ్చే అధికారం రాసిచ్చాడు. కులం గాని, రంగు గాని, దేశం గాని ఎవరి ప్రవేశానికీ అడ్డు కాకూడదని 1833 నాటి దాని నిబంధనల్లో ఉంది.

చివర్న ఒక ముచ్చట చెప్పాను. ఒకనాడు గవర్నర్ జనరల్ ఇంట్లో విందు. పండితుడిగా పేరొచ్చిన కేరీ కూడా ఉన్నాడు. ఆయనను చిన్నబుచ్చాలని ఒక అధికారి, ఈ కేరీ ఒకప్పుడు బూట్లు కుట్టేవాడు కదా అని పక్కవాళ్ళను అడిగాడట, అందరికీ వినబడేలా. కేరీ విని, అబ్బే, బూట్లు కుట్టేంతవాణ్ని కూడా కాదండీ, పాతవి బాగుచేసేవాణ్ని మాత్రమే అన్నాడట.

చప్పట్లు ఆగలేదు. "శ్రమను గౌరవించని చదువు చదువే కాదు" అని ముగించి కూర్చున్నాను. పక్క కుర్చీలోని పెద్దమనిషి నా చేయి పట్టుకుని ఊపాడు.

డాక్టరు ఐదు నిమిషాలే మాట్లాడాడు. సీమోను ఇంటి గురించి చెప్పాడు. ఆ ఇంట్లో పేతురు ఎన్ని రోజులున్నాడో బైబిలు లెక్క చెప్పలేదని, బహుదినములు అని మాత్రమే ఉందని చెప్పాడు. ఇంకేదో చెప్పబోయి, టెంటు చివర పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డ తండ్రి వైపు చూసి, ఆగి, అందరికీ వందనాలు అని కూర్చున్నాడు. తండ్రి ఆదివారం కూడా బస్టాండు దగ్గర పని చూసుకుని నేరుగా వచ్చాడు. పెట్టె గేటు పక్కన గోడకు ఆనించి ఉంది. పంచె మాత్రం కొత్తది, కొడుకు కొనిచ్చింది.

శాలువాలు, దండలు, ఫొటోలు అయ్యాయి. వేట మాంసం కూరతో భోజనాలు. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. గౌను విప్పేయమని ఎంతమంది చెప్పినా, వాడవాళ్ళు ఫొటోలు దిగడం పూర్తి కాలేదని డాక్టరు చెమటలు కక్కుతూ అలాగే ఉన్నాడు.

జనం కదలడం మొదలైంది. గేటు దగ్గర చెప్పుల కుప్పలో ఎవరివి వాళ్ళు వెతుక్కుంటున్నారు. వేదిక మీద కూర్చున్న పెద్దల్లో ఒకాయన కాలు దూర్చి లాగగానే ఎడమ చెప్పు పట్టీ పుటుక్కున తెగింది. పక్కనే పెట్టె. పెట్టె దగ్గర, విస్తరి పారేసి వచ్చి చేయి కడుక్కుంటున్న ముసలాయన. ఏళ్ళ తరబడి బస్టాండు మూలన ఏం చేసేవాడో ఆ పెద్దాయన ఇక్కడా అదే చేశాడు. తెగిన చెప్పును బొటనవేలితో ముందుకు నెట్టి, "ఏరా, ఇది జర చూడు" అన్నాడు.

ముసలాయన తడి చేయి కొత్త పంచెకు తుడుచుకుని వంగాడు.

డాక్టరు చూశాడు. కోపం తెచ్చుకోలేదు. గబగబా కూడా రాలేదు. వచ్చి తండ్రి భుజం పట్టుకుని లేపాడు. "నువ్వు లే నాయినా. ఇప్పుడే బువ్వ తిన్నవు. నేను చూస్త."

గౌను విప్పలేదు. ఆరు మీటర్ల బట్టనూ మోకాళ్ళ కిందికి మడుచుకుని, మట్టిలో కూర్చున్నాడు. ముందుకు జారుతున్న హుడ్‌ను వీపు మీదికి తోసుకున్నాడు. చేతులు అడ్డొస్తుంటే మోచేతుల దాకా పైకి చుట్టుకున్నాడు. పెట్టె తెరిచి, దారానికి మైనం రాసి, ఆరె అందుకున్నాడు. పొడిచి, దారం తొడిగి, లాగి, మళ్ళీ పొడిచి. సెలవుల్లో తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న పని చేతికి గుర్తుంది. ఏడు కుట్లు వేశాడు. ఎనిమిదోది ముడి. గేటు దగ్గర మాటలు ఆగిపోయాయి. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తి, మళ్ళీ దించేశాడు.

పట్టీని ఒకసారి లాగి చూసి, చెప్పును రెండు చేతులతో ఆ కాలి ముందు పెట్టాడు.

"పది రూపాయలు సార్" అన్నాడు. "మా నాయిన రేటు గంతే."

పెద్దాయన నోట మాట లేదు.

"ఇందాక మైకుల మీరే చెప్పిండ్రు గద సార్, కేరీ గారు కొత్తయి కుట్టెటోడు గాదు, పాతయి బాగుజేసెటోడేనని. మా నాయినది గూడ గదే పని."

జేబులోంచి పది రూపాయల నోటు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని తండ్రి చేతిలో పెట్టాడు.